లేచిపోవడానికి సీజన్ కాదు

"లేచిపోవడానికి ఇది మంచి కాలం కాదు" అన్నాడు వానబాబు.

అతను ఈ మాట అనడం ఇది నాలుగోసారి. పిడుగు చేతిలోని బిస్కట్‌ని రెండుగా విరిచి, అతనికివ్వాల్సిన ముక్క కూడా తనే నోట్లో వేసుకుంది.

వాతావరణ ఆఫీసు వెనక పెరట్లో, వాన కొలిచే గొట్టం పక్కనున్న సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళ. పైన ఇనప స్తంభం మీద గాలికోడి ఎటూ తేల్చుకోలేక అటోసారి ఇటోసారి తిరుగుతోంది. అచ్చం పక్కనున్న మనిషిలాగే అనుకుంది పిడుగు.

"ఎందుకు మంచిది కాదో చెప్పు."

"ఎండాకాలం చివర కదా. సాయంత్రాలు కొండల మీద ఉన్నట్టుండి గాలిదుమారం లేస్తుంది. బస్సు మలుపు తిరిగేటప్పుడు..."

"పోనీ ఎండాకాలం మొదట్లో వెళ్దామంటే?"

"అప్పుడు టూరిస్టుల రద్దీ. రూములు దొరకలేదుగా."

"చలికాలం?"

"పొగమంచు. పది అడుగుల అవతల ఏముందో కనబడదు."

"వానలు వెలిశాక?"

"నానిన కొండ. రాళ్లు జారే..."

"...అవకాశం ఉంది" అని పూర్తి చేసింది పిడుగు. "నాయనా, సంవత్సరానికి ఎన్ని కాలాలు?"

"మూడు అనీ అనొచ్చు. ఆరు అని కూడా..."

"ఎన్నైనా అనుకో. అన్నీ అయిపోయాయి. ఇంక నువ్వే కూర్చుని ఏదో ఒక కొత్త కాలం కనిపెట్టాలి."

వానబాబు జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఆ కాగితాన్ని చూస్తేనే పిడుగుకి ఒళ్లు మండుతుంది. పన్నెండు నెలలకి పన్నెండు అడ్డగీతలు. నిలువుగా గళ్లు: వాన, చలి, బస్సు దారి, రిజిస్ట్రార్ ఆఫీసు సెలవులు. ప్రతి గడిలోనూ పెన్సిల్‌తో చీమల బారులాంటి అక్షరాలు. కాగితం కుడి అంచు ఎప్పుడూ వెనక్కి మడిచే ఉంటుంది. మార్జిన్ కాబోలు అనుకునేది పిడుగు. ఈ మనిషి గీతలు గీసుకోవడానికే పుట్టాడు, మార్జిన్ కూడా గీసుకోకుండా ఎందుకుంటాడు?

"లోకంలో అందరూ ఎలా లేచిపోతారో తెలుసా నీకు?" అంది. "బ్యాగు సర్దుకుంటారు. బస్సెక్కుతారు. అంతే! ఇలా మీనమేషాలు లెక్కబెడుతూ లేచిపోయినవాళ్లని నేను ఎక్కడా వినలేదు. నా బ్యాగు ఏడాది నుంచీ మంచం కింద ఉంది. అందులో పెట్టిన స్వెట్టర్‌ని చిమ్మెటలు కొట్టేశాయి. వాటికైనా ఆ కొండ ఊరు పోయే యోగం ఉందో లేదో!"

"సారీ" అన్నాడు వానబాబు.

"ఆ మాటకి కూడా ఒక గడి గీయి."

వానబాబు అనేది అతని పేరు కాదు, వీధి పెట్టిన పేరు. రోజుకి నాలుగుసార్లు గొట్టంలో నీళ్లు కొలుస్తాడు, తెల్ల చెక్కపెట్టె తలుపు తీసి థర్మామీటర్లు చూస్తాడు, రిజిస్టర్లో రాస్తాడు. అదీ ఉద్యోగం. పిడుగు అనేది మాత్రం నాన్న ముద్దుగా పెట్టింది. ఆమె పుట్టింది నడి వానాకాలంలో, ఆకాశం బద్దలయ్యేలా ఉరుముతున్న రోజు. నాన్నది గొడుగుల షాపు. వానాకాలంలో ఆ షాపు తలుపు మూసింది ఆయన జీవితం మొత్తం మీద ఆ ఒక్కరోజే.

వీళ్లిద్దరికీ పరిచయం కూడా ఈ పెరట్లోనే, గొడవతోనే అయింది.

పోయిన ఏడాది వానలు మొదలయ్యే ముందు, వారంలో భారీ వర్షాలని ఈ ఆఫీసు చెప్పింది. నాన్న నమ్మాడు. నాన్న, నాన్నకి అక్కయిన అత్త, పిడుగు ముగ్గురూ తలెత్తకుండా కూర్చుని రెండు వందల నల్ల గొడుగులు కుట్టారు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. చినుకు లేదు. ఇరవయ్యో రోజు పిడుగు చెప్పులేసుకుని బయల్దేరింది.

"వానెక్కడ?" అంది గేటు దగ్గర్నించే.

గొట్టం మీదికి వంగి ఉన్న కుర్రాడు తల తిప్పాడు. "మీరెవరండీ?"

"గొడుగులమ్మాయిని. వానెక్కడ?"

"అది... అల్పపీడనం దారి మార్చుకుందండీ."

"మార్చుకుంటే చెప్పి పోవద్దా? మా ఇంట్లో రెండు వందల గొడుగులు మంచాలెక్కి పడుకున్నాయి. మాకు పడుకోడానికి చోటు లేదు."

"మేం వాన పడుతుంది అనలేదండీ. పడే అవకాశం ఉంది అన్నాం."

"రేపు మీ పెళ్లిలో కూడా ఇలాగే అంటారా? పిల్ల ఇష్టమేనా అంటే, ఇష్టమయ్యే అవకాశం ఉంది అని?"

అతను నిజంగానే ఆలోచించాడు. నొసలు ముడేసి మరీ ఆలోచించాడు. "పరిస్థితుల్ని బట్టి అండీ" అన్నాడు.

ఇలాంటి మనిషితో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయమనుకుని పిడుగు వెనక్కి తిరిగింది. ఇంకా గేటు దాటలేదు, ఒక్కసారిగా ఆకాశం కుండపోతగా కురిసింది. పరిగెత్తుకొచ్చి ఆఫీసు చూరు కింద నిలబడింది. అతనూ వచ్చి నిలబడ్డాడు.

"గొడుగు తెచ్చుకోలేదాండీ? మీది గొడుగుల షాపు కదా?"

"మీరు చెప్తే కదా తెచ్చుకోడానికి! మరి మీ గొడుగేది?"

అతను చెవి గోక్కున్నాడు. "ఈరోజు వాన పడదని పొద్దున నేనే రాశానండీ."

పిడుగు నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. ఆగలేదు. నవ్వింది. అతను ఆమె వంక చూసి, చూసినట్టు ఆమెకి తెలిసిపోయిందని గొట్టం వంక చూసి, గొట్టం చూసి చేసేదేమీ లేక మళ్లీ ఆమె వంకే చూశాడు. వాన నలభై నిమిషాలు కురిసింది. పదిహేడు మిల్లీమీటర్లు అని అతను తర్వాత చెప్పాడు. పిడుగుకి ఆ లెక్క ఇప్పటికీ గుర్తుంది. అదే ఆమె ఖర్మ.

ఆ రోజు నుంచీ నాన్నకి మాత్రం ఆ ఆఫీసు పేరెత్తితే గిట్టదు. "మబ్బు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవడమంటే ఏమిటో నాకు వాళ్లే నేర్పారు" అంటాడు. "నా పిల్లని ఎవరికైనా ఇస్తాను గానీ ఆ ఆఫీసువాడికివ్వను. పూట గడుస్తుందా అంటే గడిచే అవకాశం ఉంది అంటాడు!"

అయినా ప్రతి నెలా మొదటి రోజున ఆ నెల వాతావరణ వివరం కవర్లో పెట్టి తెచ్చి ఇవ్వాలని వానబాబునే కట్టడి చేశాడు. ఇచ్చాక తను చదవడు. "నువ్వే చదువు. ఆ అబద్ధాలు నీ నోటితోనే వినాలి" అని అతని చేతే చదివిస్తాడు. అతను నిలబడి చదువుతాడు. నాన్న వింటూ మధ్యమధ్యలో పళ్లు నూరతాడు. ఆ తమాషా చూడ్డానికి అత్త వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని కూర్చుంటుంది.

అలాంటి నాన్నని అడిగి పెళ్లి చేసుకోవడం జరిగే పని కాదు. అందుకే లేచిపోవడం. ఎక్కడికి అన్న విషయంలో మాత్రం ఇద్దరికీ పేచీ లేదు. షాపు గోడకి దారాల కంపెనీ వాళ్ల పాత క్యాలెండర్ ఒకటుంది. కొండల మధ్య నిండు సరస్సు, ఒడ్డున ఎర్రపెంకుల ఇళ్లు. చిన్నప్పటి నుంచీ ఆ బొమ్మ చూస్తూనే పిడుగు గుడ్డ కత్తిరించింది. వానబాబు ట్రైనింగ్ అయింది ఆ ఊళ్లోనేనట. రిజిస్ట్రార్ ఆఫీసు సరస్సు ఒడ్డునే ఉందట. ఇద్దరు సాక్షులుంటే ఒక్క పూటలో పెళ్లట. ఆ సంగతి అతని నోట విన్నరోజు పిడుగు కాళ్లు నేల మీద ఆనలేదు. ఏడాది తిరిగేసరికి పూర్తిగా ఆనాయి.

"విను" అంది ఇప్పుడు, బిస్కట్ పొట్లం మడిచి. "వచ్చే నెల పదో తారీఖున కర్రల వ్యాపారి వాళ్లింటి నుంచి వస్తున్నారు. గొడుగు కర్రల గురించి కాదు, నా గురించి. వాళ్లబ్బాయికి నేను నచ్చానట. నాన్న రమ్మన్నాడు."

వానబాబు ముఖం మబ్బేసింది. "ఆ అబ్బాయి... మంచివాడేనా?"

"అదా నువ్వు అడగాల్సింది!" పిడుగు లేచి నిలబడింది. "రేపు ఒకటో తారీఖు. ఎలాగూ కవరు తెస్తావుగా. నాకు ఒక తేదీ రాసి తీసుకురా. నీకు ఇష్టం లేకపోతే అదే రాయి. అవకాశం, పరిస్థితులు, అక్కడక్కడా అనే మాటలు అందులో కనబడ్డాయో, కర్రల వాళ్లకి టీ నేనే తీసుకెళ్లి ఇస్తాను. రెండు చెంచాలు చక్కెర ఎక్కువేసి మరీ!"

వాళ్ల మధ్య ఉత్తరాలు నడిచే దారి ఒకటుంది. వానబాబుకి ఒక నల్ల గొడుగుంది. రిపేరని చెప్పి వారం వారం దాన్ని షాపుకి తెస్తాడు. ఉత్తరం దాని మడతల్లో ఉంటుంది. పిడుగు దాన్ని లోపలికి తీసుకెళ్లి, ఉత్తరం తీసుకుని, జవాబు పెట్టి మర్నాడిస్తుంది. నాన్నకి ఆ గొడుగంటే జాలి. "దీనికి ఏ జబ్బూ లేదు. అయినా పాపం వారానికోసారి డాక్టరు దగ్గరికొస్తుంది" అంటాడు.

మర్నాడు పొద్దున షాపు కిటకిటలాడుతోంది. వానలు దగ్గర పడ్డాయి కదా, పాత గొడుగులన్నీ అటకల మీది నుంచి దిగాయి. వానబాబు జనాన్ని తోసుకుంటూ వచ్చి నాన్నకి కవరిచ్చాడు, పిడుగుకి గొడుగిచ్చాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పుడు వినే తీరిక లేదు, పో" అని నాన్న కవరు చొక్కా జేబులో కుక్కుకున్నాడు.

పిడుగు గొడుగు తీసుకుని లోపలి గదిలోకి పోయింది. మడత విప్పింది. నాలుగుగా మడిచిన కాగితం.

'ఈ నెల మొదటి పక్షంలో వాతావరణం పొడిగా ఉండును. రెండవ పక్షంలో అక్కడక్కడా తేలికపాటి జల్లులు పడే అవకాశం ఉంది.'

పిడుగుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడాది ఎదురుచూపుకి ఇదా జవాబు? అవకాశం ఉంది! అక్కడక్కడా కూడా ఉంది! కాగితాన్ని ఉండచుట్టి గోడకేసి కొట్టింది. అది తగిలి కింద పడి కొంచెం విచ్చుకుంది. అందులోంచి ఆఫీసు ముద్ర కనిపించింది.

ముద్ర?

ఇది నాన్న కవర్లో ఉండాల్సిన కాగితం.

అయితే తన గొడుగులో ఉండాల్సిన కాగితం ఎక్కడుంది?

తలుపు సందులోంచి షాపులోకి చూసింది. నాన్న ఒకావిడకి గొడుగు తెరిచి చూపిస్తున్నాడు. ఆయన జేబులోంచి కవరు మూల తొంగి చూస్తోంది.

వెనక కిటికీ దగ్గర ఎవరో రొప్పుతున్నారు. వానబాబు. "కవరు..." అన్నాడు. "మారిపోయింది."

"తెలిసింది! అందులో ఏం పెట్టావు?"

"పట్టిక. తేదీ కూడా రాశాను. నిద్రపట్టక తెల్లవారే దాకా కూర్చుని..."

"తేదీ రాశావా?" పిడుగు కోపం ఒక్క క్షణం ఆగింది. "ఏ తేదీ?"

"అది కాదు. ఆ కాగితంలో ఆయన చూడకూడనిది ఇంకొకటుంది."

"మనం లేచిపోతున్నామన్న దానికంటే చూడకూడనిది ఏముంటుంది?"

అతను కుడితిలో పడ్డ ఎలుకలా చూశాడంతే. ఇంతలో షాపులోంచి "పిడుగూ! ఎనిమిది ఊచలది పట్రా!" అని నాన్న కేక. కిటికీ మూసేసింది.

ఆ రోజంతా ఆమె చూపు ఆ జేబు మీదే ఉంది. సాయంత్రం నాన్న చొక్కా మార్చుకుంటాడు కదా అని కాచుకుంది. మార్చుకున్నాడు. చొక్కా కొక్కేనికి తగిలించాడు. జేబు ఖాళీగా ఉంది. నాన్నా అత్తా గదిలో తలుపేసుకుని గంటసేపు కూర్చున్నారు. అత్త గొంతు సన్నగా వినబడుతోంది. ఏదో చదువుతున్నట్టుంది. బయటికి వచ్చినప్పుడు అత్త ముక్కు ఎర్రగా ఉంది.

"ఏంటత్తా?"

"జలుబే. నీకెందుకు?"

మర్నాడు నాన్న ఏమీ అనలేదు. మూడో రోజూ అనలేదు. తిట్టినా బాగుండును, పీడా పోయేది. మామూలుగానే పొద్దున్నే సూదుల దిండు ముందుకు జరిపి, "పది సూదులు ఎక్కించమ్మా. నీది చల్లని చెయ్యి, నువ్వెక్కించిన దారం తెగదు" అన్నాడు. పిడుగు పది సూదులూ ఎక్కించింది. ఉరుము ఉరిమి ఎవరి మీద పడుతుందో తెలియనప్పుడు పడిపోయాకే ప్రాణం కుదుటపడేలా ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం పడింది. "ఆ జబ్బు లేని గొడుగు బాగుపడిందని చెప్పు. వచ్చి తీసుకెళ్లమను" అన్నాడు నాన్న.

వానబాబు వచ్చాడు. నాన్న షాపు తలుపు దగ్గరగా వేశాడు. గుడ్డ కత్తిరించే బల్ల మీద కాగితం పరిచి, ఎగరకుండా కత్తెర పెట్టాడు. అత్త స్టూలు తెచ్చుకుంది.

"ఏమోయ్, ఇది నీ రాతేనా?"

"అవునండీ. నాదే అయ్యే..."

"అవకాశం అన్నావంటే కత్తెర తీస్తాను."

"నాదేనండీ."

"నా కూతుర్ని తీసుకుపోవడానికి సీజన్ చూస్తున్నావు."

"అవునండీ."

పిడుగు అడ్డం వచ్చింది. "నాన్నా, అతనొక్కడే కాదు. నేనే..."

"నువ్వుండు. అక్కా, చివరి గడి చదువు."

అప్పుడు చూసింది పిడుగు. కాగితం కుడి అంచు మడత విప్పి ఉంది. అక్కడ మార్జిన్ లేదు. ఇంకో గడి ఉంది. పైన 'షాపులో పెద్దాయన' అని రాసి ఉంది.

అత్త గొంతు సవరించుకుని చదివింది.

"'వానలు మొదలు. రోజుకి నలభై గొడుగులు. సూదిలో దారం ఎక్కించే మనిషి లేకపోతే పని ఆగిపోతుంది. వద్దు.' తర్వాత... 'వానలు వెలిశాక. రిపేర్ల కాలం. ఊచ మొన ఎక్కడుందో తడిమి చూసుకుంటున్నారు. మొన్న వేలికి గుచ్చుకుంది. వద్దు.' 'చలికాలం. పొద్దు తొందరగా వాలుతుంది. లైటు వేసినా కత్తెర గీత మీద పోవడం లేదు. వద్దు.' 'ఎండాకాలం. రంగు గొడుగులు. నీలం గుడ్డేదో, నల్ల గుడ్డేదో ఆమెని అడుగుతున్నారు. అడుగుతున్నట్టు ఆమెకి తెలియనివ్వడం లేదు. వద్దు.'"

పిడుగు ఆ కాగితం మీదికి వంగింది. ఆ గడి మీద ఎర్ర సిరాతో నాన్న అక్షరాలున్నాయి. 'నా కళ్లు బాగానే ఉన్నాయి' అని రాశాడు. మొదటి గీత మీద మొదలుపెట్టిన ఆ మాట జారిపోయి మూడో గీత కింద ఆగింది.

నీది చల్లని చెయ్యి. ఈ గుడ్డ నీకు ఏ రంగులా అనిపిస్తోందమ్మా? ఆ కాగితం నువ్వే చదువు, నీ నోటితోనే వినాలి.

ఇన్నాళ్లూ తన చెయ్యి చల్లనిదనుకుంది. రంగుల విషయంలో నాన్న తన సలహా అడుగుతున్నాడని పొంగిపోయింది కూడా. రోజూ పక్కనే కూర్చుని కుట్టింది. చూడనే లేదు. నెలకోసారి వచ్చి నిలబడి చదివి తిట్లు తినేవాడు చూశాడు.

"నీకు తెలుసా?" అంది వానబాబుతో. "ఏడాది నుంచీ తెలుసా? నాకెందుకు చెప్పలేదు?"

"ఆయన దాచుకున్నది నేనెలా చెప్పను? చెప్తే నువ్వు రావు. చెప్పకుండా తీసుకుపోతే, తెలిసినరోజున నువ్వు నన్ను క్షమించవు. అందుకే..." అతను తల దించుకున్నాడు. "అందుకే సీజన్ మీదికి నెట్టాను. కొండ మీద పన్నెండు నెలలూ బాగానే ఉంటుంది."

"పన్నెండు నెలలూ బాగానే ఉంటుందా!" పిడుగు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "మరి గాలిదుమారం? పొగమంచు?"

"ఉంటాయి. కానీ బస్సులు తిరుగుతూనే ఉంటాయి."

"విన్నావా అక్కా?" అన్నాడు నాన్న. ఆయన గొంతులో కోపం వెతికినా దొరికేలా లేదు. "నా కళ్ల సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను. తెలిస్తే ఈ పిల్ల నన్ను వదిలి గడప దాటదు. అందుకే దాచాను. వీడేమో నా కళ్ల కోసం తన పెళ్లి వాయిదా వేసుకుంటున్నాడు. వీడి ఆఫీసు ఇంత ముందుచూపు వాన మీద పెట్టి ఉంటే నేను బాగుపడేవాణ్ణి."

"మరి ఆ తేదీ?" అంది పిడుగు. "తేదీ రాశానన్నావు?"

వానబాబు వేలితో చూపించాడు. కాగితం అడుగున, అన్ని గీతల కిందా, పెన్సిల్‌తో ఉంది. 'పదో తారీఖు. కర్రల వాళ్ల కంటే ముందు వచ్చి పెద్దాయన్నే అడుగుతాను. తిడతారు. తిట్టనీ.'

అందులో అవకాశం అన్న మాట లేదు. పిడుగు దాన్ని రెండుసార్లు చదివింది. అతని మీద ఎంత ప్రేమ పొంగిందో అంత కోపమూ పొంగింది. ముందు కోపమే బయటికొచ్చింది.

"బాగుంది! ఒకరేమో నేను వెళ్లనని దాచారు. ఇంకొకరు నేను రానని దాచారు. ఇద్దరూ కలిసి నాకు కాలాలు చూస్తున్నారు, గళ్లు గీస్తున్నారు, ఎర్ర సిరాతో దిద్దుతున్నారు! అసలు నాకేం కావాలో అడిగినవాళ్లు ఈ ఇంట్లో ఒక్కరున్నారా?"

"నేనడుగుతున్నానే" అంది అత్త స్టూలు మీది నుంచి. "చెప్పు."

పిడుగు ఆ కాగితం తీసుకుంది. నాన్న ఎర్ర పెన్ను తీసుకుంది.

"రేపు పొద్దున కళ్ల డాక్టరు. నాన్న మారు మాట్లాడితే నేను ఈ షాపులో సూది ముట్టను."

"అది కాదమ్మా, డాక్టరంటే..."

"మారు మాట్లాడుతున్నావు. రెండోది, కర్రల వాళ్లకి రావద్దని కబురు."

"కర్రలు ఎక్కడైనా దొరుకుతాయిలే" అన్నాడు నాన్న నసుగుతూ.

"మూడోది, ఆ ఊరు వెళ్తాం. అక్కడే పెళ్లి. నాకు ఆ సరస్సు నిండుగా చూడాలి. అంటే నడి వానాకాలం." ఎర్ర పెన్నుతో ఆ గడి చుట్టూ సున్నా చుట్టింది.

నాన్నా వానబాబూ ఒకేసారి అరిచారు. "నడి వానాకాలంలోనా!"

"షాపు ఏమవుతుందే?" అన్నాడు నాన్న. "వానాకాలంలో షాపు మూయడమా?"

"నేను పుట్టినరోజు మూశావుగా."

నాన్న గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగాడు.

"సాక్షులు ఇద్దరు కావాలట" అంది పిడుగు, కాగితం మడుస్తూ. "నువ్వొకడివి, అత్తొకతి. నాలుగు రోజులు జనం తడవనీ. ఎవరూ కరిగిపోరు."

"అయితే ఇది లేచిపోవడం ఎలా అవుతుందే? ఇంటిల్లిపాదీ బయల్దేరితే?" అంది అత్త.

"నలుగురం కలిసి లేచిపోతున్నాం" అంది పిడుగు. "ఇంక ఎవరైనా ఒక్క గీత గీశారంటే చంపుతాను."

కళ్లలో పొర అన్నాడు డాక్టరు. చిన్న ఆపరేషన్, వారం కట్టు, ఆ పైన కళ్లద్దాలు. కళ్లద్దాలొచ్చాక ఇంట్లో ఎవరికీ శాంతి లేకుండా పోయింది. "ఈ వంకర కుట్టు ఎవరు వేశారు?" అని నాన్న ప్రతి గొడుగూ పట్టుకుని తిరిగేవాడు. "నువ్వే" అనేది పిడుగు. "ఈ నల్ల గొడుగులో నీలం ముక్క ఎవరు వేశారు?" "అదీ నువ్వే."

బయల్దేరిన రోజు నాన్నే స్వయంగా అట్టముక్క మీద రాసి షాపు తలుపుకి వేలాడదీశాడు. 'నాలుగు రోజులు షాపు మూసి ఉండును. వాన పడే అవకాశం ఉంది. ఎవరి జాగ్రత్త వాళ్లు చూసుకోండి.'

బస్సులో నలుగురికి ఆరు గొడుగులు. వానబాబు నాలుగు రోజులూ కుండపోత అని చెప్పాడు మరి.

రిజిస్ట్రారు లావుపాటి మనిషి. నలుగురినీ తేరిపార చూశాడు. ఈ ఊరికి పెళ్లి కోసం వచ్చే జంటల్ని చూసీ చూసీ విసిగిపోయినట్టుంది. "ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పకుండా వచ్చారా?" అన్నాడు అలవాటుగా.

"లేదండీ" అన్నాడు నాన్న. "నేనే లేపుకొచ్చాను."

రిజిస్ట్రారు కలం ఆగింది. అత్త చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఆయన కొంచెంసేపు నాన్న వంక చూసి, అడగడం తన పని కాదనుకుని వానబాబు వైపు తిరిగాడు.

"ఏం బాబూ, ఈ పెళ్లి నీకు ఇష్టమేనా?"

వానబాబు నొసలు ముడిపడింది. ఆ ముడి పిడుగుకి తెలుసు. ఆఫీసు పెరట్లో, గేటు దగ్గర నిలబడి చూసిన ముడి. నాన్న చెయ్యి గొడుగు పిడి మీద బిగుసుకుంది.

"ఇష్టం" అన్నాడు వానబాబు. "పోయిన ఏడాది పదిహేడు మిల్లీమీటర్ల వాన పడినప్పటి నుంచీ ఇష్టం."

రిజిస్ట్రారుకి ఏమీ అర్థం కాలేదు. అర్థమైన మనిషి చీర అంచు సర్దుకుంటున్నట్టు తల దించుకుంది.

సాక్షి సంతకం దగ్గర నాన్న కళ్లద్దాలు పైకి జరుపుకున్నాడు. ఫారం మొదటి అక్షరం నుంచీ చివరిదాకా గట్టిగా చదివాడు. వెనక వరసలో ఇంకో మూడు జంటలు నిలబడి ఉన్నాయి. "తొందరగా కానీరా" అని అత్త డొక్కలో పొడిచింది. ఆయన వినలేదు. నిదానంగా వంగి, పేరు మొత్తం రాసి, ఫారం పిడుగు ముందుకి జరిపాడు.

"చూడు" అన్నాడు. "గీత మీదే పెట్టాను."

పిడుగు చూసింది. ఒక్క అక్షరం కూడా కిందికి జారలేదు. ఆమెకి ఆ గీత అలుక్కుపోయి కనబడింది. ఇంట్లో కళ్లు బాగున్నవాళ్లు ఒక్కరైనా ఉండాలి కదా, నాన్నే ఉండనీ అనుకుంది.

బయటికి వచ్చేసరికి సరస్సు గట్టు దాకా నిండి ఉంది. క్యాలెండర్లో కంటే పెద్దదిగా ఉంది. ఆకాశంలో మాత్రం మబ్బు తునకైనా లేదు. ఎండ ఫెళ్లున కాస్తోంది. నాన్న ఆరు గొడుగులూ చంకలో పెట్టుకుని, కొత్త కళ్లద్దాల్లోంచి ఆకాశం నాలుగు మూలలా వెతికాడు.

"ఏమోయ్ అల్లుడూ" అన్నాడు. "వానెక్కడ?"

వానబాబు నోరు తెరిచాడు.

"ఒక్క మాట మాట్లాడావంటే చూడు!" అని పిడుగు నాన్న చంకలోంచి ఒక గొడుగు లాక్కుని, ఎండకి అడ్డంగా తెరిచి, అతన్ని దాని కిందికి లాగింది.